రాజనర్సయ్య ఆఖరి ట్రిప్పు

పంజాగుట్టలో మెట్రో స్తంభాల నీడ దాటి లోపలి గల్లీలోకి పోతే, రేకుల వరండా ఉన్న ఒక ఇంట్లోంచి రోజూ పొద్దున బస్సు హారన్ వినిపిస్తుంది. కొత్తగా అద్దెకు దిగినవాళ్లు ఉలిక్కిపడి గోడకు అతుక్కుంటారు. పాతవాళ్లు మాత్రం "రాజనర్సయ్య డ్యూటీ ఎక్కిండు" అనుకుని తమ పని తాము చూసుకుంటారు.

ఆ ఇంట్లో బస్సేమీ లేదు. ముందు గదిలో కిటికీ పక్కన ఒక కంప్యూటరు ఉంది. దాని ముందు బల్లకు బిగించిన స్టీరింగు, కింద పెడళ్లు, వెనక నీలం ప్లాస్టిక్ కుర్చీ. ఆ కుర్చీలో రాజనర్సయ్య, కింద లుంగీతో, పైన ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కాతో. బస్సు నడిపేవాడి లుంగీ పాసింజర్లకు కనబడదు కాబట్టి పర్వాలేదని ఆయన వాదన. మరి చొక్కా ఎవరికి కనబడుతుందని భార్య సీతాబాయి అడిగితే, "నాకు కనబడ్తది గదా" అంటాడు.

రాజనర్సయ్య సర్వీసంతా సిటీ బస్సే నడిపాడు. పంజాగుట్టలో ఫ్లైఓవర్ లేని రోజుల నుంచీ ఆ చౌరస్తా ఆయనకు తెలుసు. ఏ ఆటో ఎటునుంచి దూరుతుందో, ఏ స్కూటరువాడు సిగ్నల్ పడకముందే దూకుతాడో ముఖం చూసి చెప్పగలిగేవాడు. ఒక్క యాక్సిడెంటు లేదు. దానికి ఆయన పెట్టుకున్న నియమాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒకటి సీతాబాయికి ఏనాడూ మింగుడుపడలేదు. ఆమె ఆయన బస్సు ఎక్కకూడదు.

"నువ్వు ఎక్కినవంటే నా చూపు లోపలి అద్దం మీదికే పోతది. రోడ్డు మీద ఎవడున్నడో కనబడడు. బండి నిండ పాణాలుంటయి" అనేవాడు. కొత్త పెళ్లికూతురికి ఆ మాట ముద్దుగానే ఉండేది. కానీ ఒకసారి అమీర్‌పేట స్టాపులో కూరగాయల సంచితో జోరువానలో నిలబడి ఉండగా ఆయన బస్సే వచ్చి ఆగింది. ఆయన చూశాడు, ఆమె చూసింది. పంతానికి పోయి ఆమె ఎక్కలేదు, నియమానికి పోయి ఆయన ఎక్కమనలేదు. బస్సు కదిలిపోయింది. వెనక బస్సులో తడిసి ముద్దయి ఇంటికొచ్చిన సీతాబాయి ఆ రాత్రి ఆయనకు వడ్డించిందే గానీ మాట్లాడలేదు. ఆ సంగతి ఇప్పటికీ నెలకోసారైనా ఎత్తుతుంది.

ఆమె ఆశ అంతా ఆఖరి ట్రిప్పు మీద ఉండేది. ఆయన పనిచేసే డిపోలో ఒక ఆనవాయితీ ఉండేది. రిటైరయ్యే డ్రైవరు ఆఖరి రోజున భార్యను, పిల్లల్ని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తన రూటులో ఒక ట్రిప్పు కొట్టేవాడు. బస్సు డిపోలో ఆగగానే తోటివాళ్లు దండ వేసేవాళ్లు. అప్పుడు డ్రైవరు తన చేత్తో మెయిన్ స్విచ్ ఆపి దిగేవాడు. ఆ స్విచ్ ఆపితే సర్వీసు ముగిసినట్టు. ఆ రోజు కోసం సీతాబాయి నెమలికంఠం రంగు చీర కొనిపెట్టుకుంది.

ఆ రోజు రాలేదు. రిటైర్మెంటుకు ముందే కళ్ల పరీక్షలో రాజనర్సయ్యకు ఒక కంటి చూపు తగ్గిందని తేలింది. స్టీరింగు తప్పించి ఆఫీసు గదిలో టైర్ల లెక్క చూసే కుర్చీ ఇచ్చారు. చూపు తగ్గినవాడి చేతికి బండి ఇవ్వకూడదని అందరికంటే ముందు ఒప్పుకున్నది ఆయనే. ఒప్పుకున్నంత మాత్రాన దుఃఖం ఊరుకుంటుందా? కుర్చీలోంచే రిటైరయ్యాడు, కుర్చీలోనే దండ వేశారు. ఇంటికొచ్చి దండ తీసి గోడ మేకుకు తగిలించి, చాలా రోజులు కిటికీ దగ్గర ఊరికే కూర్చున్నాడు. చీర మడత విప్పకుండా బీరువాలోనే ఉండిపోయింది.

ఇంట్లో ఊరికే కూర్చున్న డ్రైవరు మహా ప్రమాదకరమైన మనిషి. ప్రతి స్విచ్ ఆయన అధికారంలోకి వచ్చింది. దిగేటప్పుడు మెయిన్ బంద్ చేయకపోతే బ్యాటరీ దిగిపోతుంది, వైర్లు అంటుకుంటాయి అని సర్వీసంతా విన్న మాట ఆయన ఒంట్లోకి ఇంకిపోయింది. టీవీ చూడటం అయిందా, గోడ దగ్గర టక్కుమని ఆపాల్సిందే. ఒకసారి చుట్టాల పెళ్లికి పోతూ ఫ్రిజ్ కూడా ఆపి పోయాడు. తిరిగొచ్చాక పాలు, సీతాబాయి మనసు రెండూ విరిగిపోయి ఉన్నాయి.

ఆయనను ఆ కిటికీ దగ్గర్నుంచి లేపింది కూతురు అనుపమ. పెళ్లయి మియాపూర్‌లో ఉంటుంది, సోమాజిగూడలో ఒక ఆఫీసులో పనిచేస్తుంది. తన పాత కంప్యూటరును పుట్టింటికి చేర్చి, పెద్ద తెర పెట్టి, స్టీరింగు బిగించి, బస్సు నడిపే ఆట ఒకటి ఎక్కించి పెట్టింది. కళ్లద్దాలు పెట్టుకుంటే తెర ఆయనకు బాగానే కనబడుతుంది. మొదటి రోజు "గిది పిల్లలాట" అన్నాడు. రెండో రోజు చొక్కా ఇస్త్రీకి ఇచ్చాడు.

ఆటలోని ఊరు మనది కాదు. ఎర్ర పెంకుల ఇళ్లు, ఎప్పుడూ కురిసే సన్న వాన. పాసింజర్లు కోట్లు తొడుక్కుని లైనులో నిలబడి ఒకరి తర్వాత ఒకరు ఎక్కడం చూసి, వీళ్లకు ఏమైనా జబ్బు చేసిందేమోనని ఆయనకు మొదట అనుమానం వచ్చింది. తర్వాత ఆ ఊరిని తనదిగా చేసుకున్నాడు. నది మీది పొడుగు వంతెన పంజాగుట్ట ఫ్లైఓవర్ అయింది. వంతెన దిగాక గడియారం ఉన్న కూడలి అమీర్‌పేట. చివర్లో బస్సులు నిలిపే చోటు డిపో. ఏడాది తిరిగేసరికి ఆయన నడుము నిటారయింది, గొంతు లేచింది, గల్లీకి హారన్ అలవాటయింది.

ఒక ఆదివారం అన్నం తిని చేతులు కడుక్కుంటూ అనుపమ నవ్వులాటకు అన్నది. "బాపూ, నీ ఆఖరి ట్రిప్పు ఉండిపాయె గదా. గీ దాంట్లనే కొట్టరాదు? వచ్చే ఆదివారం నాకు కుదరదు, ఆ పై ఆదివారం వస్త. అమ్మ, నేను ఎక్కుతం."

"ఆఁ, కుర్చీల కూసొని షికారుకు పోవుడు" అని సీతాబాయి మూతి తిప్పింది. కానీ ఆ సాయంత్రం వరండాలో, ఎండ తగలనిచోట, నెమలికంఠం రంగు చీర దండెం మీద గాలికి ఆరుతోంది. రాజనర్సయ్య దాన్ని చూశాడు. అప్పటి నుంచి అది నవ్వులాట కాకుండా పోయింది. ఒకసారి తప్పిన మాట రెండోసారి తప్పకూడదని మనసులో గట్టిగా అనుకున్నాడు.

మామూలు మనిషైతే ఉన్న కంప్యూటరుతోనే ట్రిప్పు కొట్టేవాడు. ఈయన డ్రైవరాయె. జాతరకు స్పెషల్ బస్సు వేసే ముందు బండిని షెడ్డులో పెట్టి మొత్తం విప్పి చూడాలన్నది డిపో పద్ధతి. కంప్యూటరు కూడా ముసలిదైంది. దాన్ని నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌కు, అంటే ఓఎస్‌కు, అప్‌డేట్లు ఎప్పుడో ఆగిపోయాయని తెర మీద ఒక నోటు వచ్చి కూర్చుంటోంది. అందుకని దాన్ని దుప్పట్లో చుట్టి, పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని, ఆటోలో అమీర్‌పేటకు తీసుకుపోయాడు.

కోర్సుల బోర్డులతో గోడలే కనబడని ఒక గల్లీలో, మెట్ల కింద దినేశ్ దుకాణం. దినేశ్ చెయ్యి మంచిది, నోరు అంతకంటే చురుకు. చుట్టూ విప్పిపెట్టిన ల్యాప్‌టాపుల మధ్య కూర్చుని మిర్చి బజ్జీ తింటూనే రోగం చెప్పేస్తాడు.

"ఫుల్ ఓవరాలింగ్ చెయ్యి బిడ్డా. స్పెషల్ ట్రిప్పున్నది" అన్నాడు రాజనర్సయ్య.

"ఫికర్ జెయ్యకు కాకా. నీ ఆట, ఫొటోలు పక్కకు తీసిపెట్టి, ఫార్మాట్ కొట్టి కొత్త ఓఎస్ ఎక్కిస్త. మక్కన్ లెక్క నడుస్తది."

నిజంగానే వెన్నలా నడిచింది, ఒక రోజు. బస్సు ఫ్లైఓవర్ ఎక్కింది, దిగింది, అమీర్‌పేటలో ఆగింది, డిపో చేరింది. మర్నాడు అదే ఫ్లైఓవర్ మధ్యలో తెర బిగుసుకుపోయింది. వాన చినుకులు గాలిలోనే ఆగాయి. తర్వాత నల్లగా అయి, బస్సూ వంతెనా ఊరూ మాయమై, అనుపమ పెళ్లి ఫొటో పెట్టిన మొదటి తెర ప్రత్యక్షమైంది. మళ్లీ మొదలుపెట్టాడు, మళ్లీ ఫ్లైఓవర్ దగ్గరే.

రాజనర్సయ్యను బాధపెట్టింది ఆట పోవడం కాదు. "పాసింజర్లు ఏమైన్రు?" అన్నాడు గాబరాగా. "బండి ఆగితే ఎనక బండి ఆపి ఎక్కియ్యాలె. నడి వంతెన మీద వాన్ల వదిలేసి వచ్చిన నేను."

"వాన్ల వదిలేసుడు నీకు కొత్తనా?" అన్నది సీతాబాయి.

మళ్లీ దుప్పటి, మళ్లీ ఆటో. "క్రాష్ అయితుందా కాకా?" అని దినేశ్ అడిగాడు.

"క్రాష్ అనకు. నా సర్వీసుల ఒక్క క్రాష్ లేదు. బ్రేక్‌డౌన్ అను."

"సరే, బ్రేక్‌డౌన్. ఏడ అయితుంది?"

"పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద."

పక్కన ల్యాప్‌టాప్ కోసం వచ్చిన పెద్దమనిషి, అయ్యో ఎవరికీ దెబ్బలు తగల్లేదు కదా అన్నాడు.

దినేశ్ మొత్తం తుడిచి మళ్లీ ఎక్కించాడు. వేడి చూశాడు, మెమరీ మార్చి చూశాడు, ఫ్యాను దుమ్ము దులిపాడు. దుకాణంలో ఉన్న వేరే స్టీరింగు తగిలించి తనే ఒక ట్రిప్పు కొట్టాడు. ఒక కరెంటు స్తంభాన్ని గుద్దాడు గానీ ఆట ఆగలేదు. రాజనర్సయ్య కళ్లు మూసుకున్నాడు. ఇంటికి తెచ్చాక మొదటి రోజు బాగా నడిచింది. రెండో రోజు ఫ్లైఓవర్ మీద తెర నల్లబడింది.

మూడోసారి దినేశ్ కూడా డీలా పడ్డాడు. "నా దగ్గర పెట్టుకుంటే ఏం గాదు. మీ ఇంటికి పోతనే అయితుంది. మీ ఇంట్ల కరెంటు మంచిగ లేదు కాకా" అన్నాడు. రాజనర్సయ్య ఇంటికొచ్చి ప్లగ్గుల్లోకి, వైర్లలోకి అనుమానంగా చూశాడు. అప్పటికే శుక్రవారం వచ్చేసింది. నెమలికంఠం రంగు చీరను సీతాబాయి ఇస్త్రీకి పంపింది. ఆమె ఏమీ అడగలేదు. అడిగితే బాగుండునని ఆయనకు అనిపించింది. అడగకపోవడమంటే ఆశ పెట్టుకున్నదనే అర్థం. ఆ ఆశ ఈసారి కూడా తన చేతుల్లోనే పోతుందేమోనని ఆయన భయం.

శనివారం పొద్దున ఆయన దుకాణానికి పోయి దినేశ్ చెయ్యి పట్టుకున్నాడు. "బిడ్డా, నువ్వే ఇంటికి రా. బండి ఏడ ఆగుతదో గాడికే మెకానిక్ రావాలె."

దినేశ్ వచ్చాడు. మళ్లీ అంతా సరిచేసి, చాయ్ గ్లాసు పట్టుకుని మంచం మీద కూర్చుని, "నేను లేననుకో కాకా. రోజూ ఎట్ల నడుపుతవో గట్లనే నడుపు. ఆఖరిదాక" అన్నాడు.

రాజనర్సయ్య చొక్కా గుండీలు పెట్టుకుని బస్సు తీశాడు. ఫ్లైఓవర్ దాటింది. అమీర్‌పేట దాటింది. డిపోలో ఆగింది. హ్యాండ్‌బ్రేక్ లాగాడు, ఇంజను ఆపాడు, ఆట మూశాడు, షట్‌డౌన్ నొక్కాడు. కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. తెర వైపు చూడకుండానే చెయ్యి వెనక్కి చాచి గోడ మీది స్విచ్ టక్కుమని ఆపాడు.

దినేశ్ చాయ్ సగం మంచం మీద ఒలికింది. "కాకా! ఏం జేసినవ్?"

"ఏం జేసిన? డ్యూటీ దిగిన. మెయిన్ బంద్ జేసిన."

"తెర మీద ఏం రాసి ఉండెనో చూసినవా?"

"అద్దాలు తీసినంక ఏం కనబడ్తది?"

సీతాబాయి వంటింటి గడపలోంచి తల బయటపెట్టింది. "రోజూ గంతే బిడ్డా. ఫ్రిజ్ సుత బంద్ జేసిండు ఒకపారి."

దినేశ్ నేల మీద కూలబడి, తల పట్టుకుని, తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. "నేను పిచ్చోణ్ణి. ఇంట్ల కరెంటని తిట్టిన. ఎట్ల బంద్ జేస్తున్నవని ఒక్కపారి సుత అడగలే" అన్నాడు. నవ్వు ఆగాక విడమరిచి చెప్పాడు. కొత్త ఓఎస్ షట్‌డౌన్ నొక్కగానే పడుకోదు. వచ్చిన అప్‌డేట్లు అప్పుడే ఎక్కించుకుంటుంది. తెర మీద బొమ్మలు చూపించే కార్డుకు కావలసిన సాఫ్ట్‌వేరును మారుస్తూ, ఆపవద్దని పెద్ద అక్షరాలతో చెబుతోంది. ఈయన నడుమ కరెంటు తీస్తున్నాడు. మర్నాటికి సగం పాతది, సగం కొత్తది మిగులుతోంది. మామూలు రోడ్డు మీద ఎలాగో నడిచి, ఫ్లైఓవర్ మీద ఊరంతా ఒక్కసారిగా చూపించాల్సి వచ్చేసరికి చతికిలబడుతోంది.

"మరి గిన్ని దినాలు ఎందుకు గాలే?"

"పాతదానికి అప్‌డేట్లు రావుడే బందయె గదా. నువ్వు ఎప్పుడు ఆపినా దానికి పనేం లేకుండె."

"అంటే మెకానిక్ బండి కింద పండుకొని పనిజేస్తుంటే, నేను బండి తీసిన" అన్నాడు రాజనర్సయ్య నెమ్మదిగా. ఎవరూ నవ్వకూడదన్నంత గంభీరంగా కంప్యూటరు మీద చెయ్యి వేసి, "తప్పయింది" అన్నాడు.

దినేశ్ సాయంత్రం దాకా కూర్చుని మళ్లీ అంతా ఎక్కించి, కంప్యూటరు మీది చిన్న దీపం ఆరేదాకా స్విచ్ ముట్టవద్దని ఒట్టు వేయించుకుని పోయాడు. ఒట్టు మీద సీతాబాయికి నమ్మకం లేదు. ఆయన ఒంటి సంగతి ఆమెకు తెలుసు. చెయ్యి చెప్పకుండానే పోతుంది. అద్దానికి అంటించి ఉన్న పెద్ద ఎర్ర బొట్టుబిళ్ల ఒకటి తీసి సరిగ్గా స్విచ్ మీద అంటించింది. "గిది రెడ్ సిగ్నల్. ఇన్నేండ్ల సర్వీసుల ఒక్క సిగ్నల్ సుత దాటలేదంటివి గదా. చూద్దాం."

ఆదివారం అనుపమ మెట్రో దిగి, బంతిపూల దండ పట్టుకుని వచ్చింది. కుర్చీకి ఎడమ వైపు కాస్త వెనగ్గా రెండు స్టూళ్లు వేశారు, అవే ముందు సీట్లు. సీతాబాయి నెమలికంఠం రంగు చీర కట్టుకుని, జడలో పూలు పెట్టుకుని, కిటికీ వైపు స్టూలు తనదేనని కూతురితో ముందే తగాదా పడి కూర్చుంది. రాజనర్సయ్య చొక్కాతో పాటు ప్యాంటు కూడా వేసుకున్నాడు.

"రైట్ రైట్" అన్నది అనుపమ.

బస్సు కదిలింది. ఫ్లైఓవర్ దగ్గరపడింది. రాజనర్సయ్య వేగం తగ్గించి, గుడ్లబండి తోలినంత మెల్లగా వంతెన ఎక్కించాడు. సీతాబాయి కొంగు పిడికిట్లో బిగించింది. మధ్యకు వచ్చింది. మధ్య దాటింది. దిగింది. వాన కురుస్తూనే ఉంది. అనుపమ "అమీర్‌పేట, అమీర్‌పేట!" అని గల్లీ అంతా వినబడేలా అరిచింది.

గడియారం కూడలి దగ్గర స్టాపులో బస్సు ఆగింది. కోట్లు తొడుక్కున్నవాళ్లు వానలో లైనులో నిలబడి ఉన్నారు. రాజనర్సయ్య తలుపు తెరిచాడు. సర్వీసులో ఎన్నడూ వెనక్కి తిరగని మనిషి సీట్లోంచి వెనక్కి తిరిగి భార్యను చూశాడు.

"ఎక్కు సీతా" అన్నాడు.

"ఎక్కే ఉన్న గదయ్యా" అన్నది సీతాబాయి. నవ్వుతూనే అన్నది, కొంగు మాత్రం కళ్ల దగ్గరికి పోయింది.

డిపో వచ్చింది. హ్యాండ్‌బ్రేక్, ఇంజను, ఆట, షట్‌డౌన్. అనుపమ దండ పట్టుకుని లేచి నిలబడింది. ఆయన కళ్లద్దాలు తీయబోయాడు, చెయ్యి దానంతటదే వెనక్కి పోయింది. వేలికి బొట్టుబిళ్ల తగిలింది. కళ్లద్దాలు మళ్లీ సర్దుకుని తెర వైపు చూశాడు. అప్‌డేట్ అవుతోందట, ఆపవద్దట. కుదురుగా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"మెయిన్ బంద్ జేయకుంట ఆఖరి ట్రిప్పు ఎట్లయితది బాపూ?" అన్నది అనుపమ, దండ వేయాలో వద్దో తెలియక.

సీతాబాయి లేచి కూతురి చేతిలోంచి దండ తీసుకుంది. దాన్ని భర్త మెడలో వేయలేదు. స్టీరింగుకు చుట్టి, పూలు సర్ది, మళ్లీ తన స్టూలు మీద కూర్చుంది.

"ఆఖరిదని ఎవలన్నరు?" అన్నది. "రేపు బండి ఎన్నింటికి?"

"పొద్దున చాయ్ తాగంగనే" అన్నాడు రాజనర్సయ్య. "ముందు సీటు ఆపిపెడ్త."